ఉమ్మడి గోడ

‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’ అన్నారు మన పెద్దలు. ఈ దేశానికి వచ్చిన మనలో చాలామందికి మొదటి కష్టం తప్పింది. ఎవరో కట్టిన ఇల్లు కొనుక్కుని పాతికేళ్ళో ముప్పై ఏళ్ళో అప్పు తీర్చుకుంటూ ఉంటాం. అయితే మన చుట్టుపక్కల ఎలాంటి ఇళ్ళు రావాలో నోరు విప్పి చెప్పే అవకాశం మాత్రం ఇక్కడ అందరికీ ఉంది. ఆ అవకాశాన్ని ఒకసారి నేనెలా వాడుకున్నానో మీతో చెప్పుకోవాలనే ఈ నాలుగు మాటలు.

కొన్నేళ్ళ క్రితం మా ఇంటి వెనక ఖాళీ స్థలంలో టెర్రస్ ఇళ్ళు కడతామని దరఖాస్తు వచ్చిందంటూ కౌన్సిల్ నుంచి ఉత్తరం అందింది. టెర్రస్ అంటే మనకు డాబా; ఇక్కడ మాత్రం గోడకు గోడ ఆనించి కట్టిన ఇళ్ళ వరస. రెండు రోజుల్లో పక్కింటాయన అభ్యంతర పత్రం పట్టుకొచ్చాడు. జనం పెరుగుతారు, కార్లు పెరుగుతాయి, మన ఇళ్ళ ధరలు పడిపోతాయి అన్నాడు. మారుమాట లేకుండా సంతకం పెట్టాను. మా సంతకాల వల్లనో, మరే కారణం వల్లనో, ఆ ఇళ్ళు రాలేదు.

మరుసటి వేసవిలో మా అమ్మ వచ్చి ఆరు నెలలు ఉంది. మేము ఆఫీసులకూ, పిల్లలు బడికీ వెళ్ళాక కిటికీ దగ్గర కూర్చునేది. ఒకరోజు, “వీధి ఇంత వెడల్పుగా ఉంది గానీ ఒక్క మనిషీ నడవడేమిరా?” అంది. నడిచి వెళ్ళే దూరంలో కొట్టు లేదు. బస్సు గంటకొకటి. కొట్టు నిలబడాలన్నా, బస్సు తిరగాలన్నా దగ్గర దగ్గరగా తగినన్ని గడపలు ఉండాలి. ఆ గడపలే వద్దని సంతకం పెట్టినవాణ్ణి నేనే!

ఆ తరువాత నారిచ్ నగరంలో స్నేహితుల ఇంటికి వెళ్ళినప్పుడు గోల్డ్‌స్మిత్ స్ట్రీట్ చూశాను. అక్కడి సిటీ కౌన్సిల్ అద్దెకివ్వడానికి కట్టించిన 105 గృహాలవి. మిఖేల్ రిచెస్ సంస్థ, కేథీ హాలీ కలిసి రూపకల్పన చేశారు. 2019లో బ్రిటన్ వాస్తుశిల్పుల సంస్థ ఇచ్చే స్టిర్లింగ్ బహుమతి వీటికే వచ్చింది. కౌన్సిల్ ఇళ్ళకు ఆ గౌరవం దక్కడం అదే మొదలు.

పెద్ద మేడలేమీ లేవు. రెండంతస్తుల ఇళ్ళ వరసలు, వరసల చివర మూడంతస్తుల ఫ్లాట్లు. ఫ్లాటులో ఉండేవారికి కూడా వీధి మీదికి సొంత గుమ్మం ఉంది. ఎదురెదురు ఇళ్ళ మధ్య 21 మీటర్లు వదలాలని ఈ దేశంలో వాడుక. ఇక్కడ వరసల మధ్య 14 మీటర్లే. మరి వెనక వరసకు ఎండ ఎలా? కప్పులను 15 డిగ్రీల వాలులో కట్టి, ముందు ఇల్లు వెనక ఇంటి ఎండను మింగకుండా చూశారు. కార్లను అంచులకు తోసేశారు. మధ్య వరసల పెరళ్ళ నడుమ పిల్లలు ఆడుకోవడానికి ఒక సందు వదిలారు.

ఇక చలి మాట. విడి ఇంటికి నాలుగు వైపులా వేడి జారిపోతుంది. వరస మధ్య ఇంటికి రెండు వైపులే. మిగతా రెండు వైపులా పొరుగువారి వెచ్చదనమే దుప్పటి. దానికి తోడు 60 సెంటీమీటర్లకు పైగా మందమున్న గోడలు. చలిగాలి దూరకుండా ఉత్తరాల పెట్టెను కూడా తలుపుకు కాక బయట వసారాకు బిగించారు. పాసివ్‌హౌస్ అనే ఈ ప్రమాణం ప్రకారం ఇల్లు వెచ్చబెట్టడానికి ఏడాదికి చదరపు మీటరుకు 15 యూనిట్లు చాలాలి. ఇంధనం ఖర్చు సగటు ఇంటికన్నా 70 శాతం తక్కువని అంచనా వేశారు. 2022లో గ్యాసు బిల్లులు చూసి గుండె పట్టుకున్న మనకు ఇది చిన్న సంగతి కాదు.

“అంత బిగించిన ఇంట్లో మన పోపు ఘాటు ఎక్కడికి పోతుందండీ?” అని మా ఆవిడ అడిగింది. వంటింటి గాలిని ఒక యంత్రం నిత్యం బయటికి పంపుతూ, దానిలోని వేడిని మాత్రం లోపలికి వచ్చే కొత్త గాలికి అందిస్తుంది. కావాలంటే కిటికీలూ తెరవచ్చు. ఇబ్బందులు లేవనను. వానలో బియ్యం బస్తా కారు దగ్గర నుంచి మోసుకు రావాలి. ఉమ్మడి గోడ పలచగా కడితే పక్కింటి టీవీ మన ఇంట్లో మోగుతుంది. అందుకే ఇలాంటి చోట కట్టుబడి నాణ్యతే ప్రాణం.

ఎండలు కాసే మన దేశంలో ఇది కుదురుతుందా అంటే, కుదిరే మరో దారి ఉంది. నవీ ముంబయిలోని బేలాపూర్‌లో చార్లెస్ కొరియా 1980లలో చిన్న ముంగిలి చుట్టూ ఏడేసి ఇళ్ళు పేర్చారు. మూడు ముంగిళ్ళు కలిస్తే ఇంకాస్త పెద్ద ముంగిలి. అక్కడ ఉమ్మడి గోడలు లేవు. ఎవరి ఇల్లు వారు వీలును బట్టి పెంచుకోవడానికే ఆ ఏర్పాటు. ఎత్తయిన మేడలు లేకుండానే హెక్టారుకు 500 మంది ఉండేలా వేసిన పథకమది. నేడు హైదరాబాదు శివార్లలో ఒకవైపు నలభై అంతస్తుల మేడలు, మరోవైపు ప్రహరీ లోపలి విల్లాలు. మనమూ అక్కడ కొంటున్నాం. రెంటికీ నడుమ ఇలాంటి దారి ఉందని ఎవరైనా అడిగితేనే కదా, కట్టేవారు కడతారు!

మా ఊళ్ళో ఆ స్థలం ఇంకా ఖాళీగానే ఉంది. మళ్ళీ ఉత్తరం వస్తే ఈసారి పటాలు తెప్పించుకుని చూస్తాను. గోడ మందమెంత, ఎండ ఎటు, కార్లు ఎక్కడ, పిల్లలు ఎక్కడ ఆడతారు అని అడుగుతాను. బాగుంటే రమ్మని రాస్తాను. మీ ఇంటికి అలాంటి ఉత్తరం వస్తే, సంతకానికి ముందు ఒక్కసారి నారిచ్ వెళ్ళి రండి.