'ఆయ్' అనే ముందు ఒక్క మాట!

అమలాపురం, రాజోలు, కొత్తపేట - కోనసీమలో ఎటు వెళ్ళినా మాటకు ముందో 'ఆయ్', వెనకో 'ఆయ్'! వినడానికి ఎంత ముచ్చటో! కానీ ప్రేమలో అడిగినదానికల్లా 'ఆయ్' అనేస్తే? అక్కడే వస్తుంది చిక్కు!

ఓ జంటను ఊహించుకోండి. అమలాపురంలో మ్యాట్నీ చూసి బయటికొచ్చారు.

"సిగరెట్లు మానెయ్యకూడదూ?" అందామె.

"సరే, మరి పెళ్ళయ్యాక నువ్వు ఉద్యోగం మానేస్తావుగా?" అన్నాడతను.

చెల్లుకు చెల్లు అనుకున్నాడు కాబోలు! కానీ ఈ రెండూ ఒకే తూకం కాదు. సిగరెట్లు పోతే ఆరోగ్యం మిగులుతుంది. ఉద్యోగం పోతే ఆమె సంపాదన, తన కాళ్ళ మీద తను నిలబడే ధైర్యం కూడా పోతాయి. మొదటిది అలవాటు మార్చుకోమనడం. రెండోది బతుకునే మార్చుకోమనడం.

సినిమాల్లో ఇదంతా భలే తేలిక. 'గుండమ్మ కథ' (1962)లో గారాబంగా పెరిగిన సరోజ (జమున)ను దారికి తేవడానికి రాజా (అక్కినేని) లేనివాడిలా నాటకమాడి, కష్టం రుచి చూపిస్తాడు. శుభం కార్డు పడేలోగా అమ్మాయి మారిపోతుంది! హాల్లో మనం హాయిగా నవ్వుకుంటాం. నిజజీవితంలో అలా అబద్ధమాడితే, అసలు సంగతి బయటపడ్డాక మిగిలేది అనుమానమే.

బాపు-రమణల 'మిస్టర్ పెళ్ళాం' (1993) దారి వేరు. ఉద్యోగం పోయిన భర్త (రాజేంద్రప్రసాద్) ఇల్లు చూసుకుంటే, భార్య (ఆమని) ఆఫీసుకి వెళుతుంది. వంటిల్లు చేతికొచ్చాక గానీ అయ్యగారికి ఇంటి చాకిరీ అంటే ఏమిటో తెలిసిరాలేదు!

కాబట్టి "నువ్వు మారాలి" అనగానే పౌరుషపడకండి, వెంటనే తలూపనూ వద్దు. "నీకొచ్చిన ఇబ్బందేమిటి?" అని అడగండి. రెండు రోజులు ఆలోచించుకోండి. న్యాయమనిపిస్తే ఎంతవరకు మారగలరో ఉన్నదున్నట్టు చెప్పండి. కాదనిపిస్తే "ఇది నావల్ల కాదు" అని మెత్తగా, స్పష్టంగా చెప్పేయండి.

అడిగేవాళ్ళకీ ఓ మాట. నలుగురిలో దెప్పకండి, ఇంకొకరితో పోల్చకండి. ఆత్రేయపురంలో వేడికుండ మీంచి పూతరేకు ఎంత ఒడుపుగా తీస్తారో చూశారా? మొరటుగా లాగితే చిరిగిపోతుంది. మనసూ అంతే సుమండీ!

ఒకవేళ "మారకపోతే నీ అంతు చూస్తా" అని బెదిరిస్తే మాత్రం అది ప్రేమే కాదు. వెంటనే ఇంట్లో చెప్పండి. ఆడపిల్లలకు 181 హెల్ప్‌లైన్ కూడా ఉంది.

ఇంతకీ మన జంట ఏమైందంటారా? "ఉద్యోగం నీ ఇష్టం. సిగరెట్లు మానడానికి నేను గట్టిగా ప్రయత్నిస్తా" అని అతనన్నాడనుకోండి. అప్పుడామె నోరారా అనొచ్చు - "ఆయ్!"