రాగి తీగ ఒలవాలా.. అలాగే అమ్మాలా?

నల్గొండ: బోరు ఎండిపోయాక రైతుకు అంతో ఇంతో అక్కరకొచ్చేది పైకి లాగిన పాత రాగి కేబులే. దానిని తొడుగుతోనే పాతసామాన్ల దుకాణానికి వేయాలా, ఒలిచి అమ్మాలా అన్నది తేల్చుకోవాలంటే ముందుగా 100 గ్రాముల ముక్కను ఒలిచి తూచాలి. 60 గ్రాముల రాగి వస్తే 10 కిలోలకు 6 కిలోలన్నమాట. ఒలిచిన రాగి కిలో రూ.700, తొడుగుతో రూ.350 పలుకుతాయనుకుంటే అదనంగా దక్కేది రూ.700. మందపాటి కేబులైతే పూటలో పని ముగుస్తుంది. సన్నని ఇంటి వైరుకు రెండు రోజులు పడితే కూలి గిట్టడమే కష్టం.

శ్రమ తప్పుతుందని కొందరు తొడుగును తగులబెడుతున్నారు. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్, డయాక్సిన్ల వంటి విషపదార్థాలు వెలువడతాయి. పైగా మసిబారిన రాగికి వ్యాపారి ధర తగ్గిస్తాడు.