దొంగ చేతికి తాళంచెవి

మా అపార్టుమెంటు రెండో అంతస్తులో ఒక మాస్టారున్నారు. కృష్ణాతీరాన ఒక పల్లెటూళ్ళో ముప్ఫయ్యేళ్ళు లెక్కలు చెప్పి, ప్రధానోపాధ్యాయులుగా పింఛను పుచ్చుకుని, కొడుకూ కోడలూ హైటెక్ సిటీలో ఉద్యోగాలు చేస్తున్నారు కనుక వారి దగ్గరకు కొండాపూర్ చేరారు. కూరగాయల అంగట్లో ఇచ్చిన చిల్లరను రెండుసార్లు ఎంచుకుని గాని జేబులో వేసుకోరు. అటువంటి మనిషి వారం రోజులుగా సాయంకాలం షికారుకు రాకపోతే, ఒంట్లో బాగులేదేమోనని చూడబోయాను. ఒంట్లో బాగానే ఉంది. మనసులోనే బాగులేదు.

"నాయనా! 'తొందరపడకండిరా, లెక్క మరోసారి చూసుకోండిరా' అని వేలమంది పిల్లలకు చెప్పినవాణ్ణి. తీరా నా లెక్క నేను చూసుకోలేదు" అన్నారు.

జరిగిన సంగతి ఇది. ఒకనాటి మధ్యాహ్నం ఆయన వాట్సాప్‌కు ఒక సందేశం వచ్చింది. పైన పోలీసు ముద్ర. 'మీ వాహనంపై చలానా ఉన్నది. వివరాలకు ఈ ఫైలు తెరవండి. నేడే చెల్లించకున్న కేసు నమోదగును' అని కింద రాసి ఉంది. అంతకు ముందురోజే ఆయన కొడుకు స్కూటరు మీద బజారుకు వెళ్ళివచ్చారు. సిగ్నలు దగ్గర గీత దాటానేమోనన్న శంక ఒకటి ఉండనే ఉంది. అబ్బాయికి తెలియకముందే కట్టేస్తే సరిపోతుందని ఫైలు నొక్కారు. ఫోను ఏవో అనుమతులడిగింది, ఇచ్చారు. వివరాలు చూడటానికి ఒక్క రూపాయి రుసుము కట్టమన్నది. కార్డు నంబరూ, కార్డు వెనకనున్న మూడంకెలూ కొట్టారు. చలానా మాత్రం కనిపించలేదు. సాయంకాలానికి ఖాతాలో 62,000 రూపాయలు కనిపించలేదు.

ఆ ఫైలు చలానా కాదు, ఏపీకే అనే పేరుతో ముగిసే ఒక యాప్. అది ఫోనులో కూర్చుని, బ్యాంకువారు పంపే ఓటీపీ సందేశాలను చడీచప్పుడు లేకుండా దొంగకు చేరవేస్తుంది. కార్డు అంకెలు మాస్టారే ఇచ్చారు. ఓటీపీ ఆయన ఫోనే ఇచ్చింది. దొంగ తాళం పగలగొట్టవలసిన అవసరమే లేకపోయింది.

ఇంతకంటే విచారకరమైనది ఆ తరువాత జరిగింది. డబ్బు పోయినట్టు మాస్టారికి సాయంత్రం నాలుగింటికే తెలిసింది. కాని ఎవరితోనూ చెప్పలేదు. కొడుకు ముందు చులకన అవుతానన్న సిగ్గు. రాత్రంతా పక్కమీద దొర్లి, తెల్లవారాక కోడలు కాఫీ ఇస్తూ "ఏం మామయ్యగారూ, అలా ఉన్నారేం?" అని అడిగితే అప్పుడు బయటపెట్టారు. ఆ అమ్మాయి ఒక్క మాట అనలేదు. వెంటనే 1930కి ఫోను చేసింది. 9,000 రూపాయలు ఎక్కడో ఒక ఖాతాలో ఆగి దొరికాయి. మిగతా సొమ్ము రాత్రికి రాత్రే చేతులు మారిపోయింది.

దొంగ పట్టుకున్నవి మాస్టారి బలహీనతలు రెండే రెండు: ముందు తొందర, తరువాత సిగ్గు.

గాలమూ, ఎరా

ఈ విద్యకు ఇంగ్లీషులో ఫిషింగ్ అని పేరు. చేపలు పట్టడమనే మాటకే అక్షరం మార్చి రాస్తారు. 1990ల నడుమ అమెరికాలో ఇతరుల ఇంటర్నెట్టు ఖాతాలు కాజేసేవారి మధ్య పుట్టిన మాట ఇది. గాలం వేసినవాడు చేపను తరమడు. ఎర వేసి కూర్చుంటాడు. వచ్చి కొరకవలసింది చేపే.

ఎరకు సమయం కూడా కలిసిరావాలి. 2023 డిసెంబరు చివర తెలంగాణ ప్రభుత్వం పెండింగు చలానాల మీద రాయితీ ప్రకటించింది. ద్విచక్ర వాహనాలకు 80 శాతం మాఫీ. జనం ఎగబడ్డారు. ఆ సందట్లో అసలును పోలిన నకిలీ వెబ్‌సైటు ఒకటి వెలిసింది. అసలు చిరునామాలో ఈచలాన్ తరువాత ఒక చుక్క, చివర 'గవ్ డాట్ ఇన్' ఉండేవి. నకిలీలో ఆ చుక్కా లేదు, ఆ 'గవ్' అనే మూడక్షరాలూ లేవు. పోలీసువారు ప్రజలను హెచ్చరించవలసి వచ్చింది. చుక్కను చూసుకునే ఓపిక ఉన్నవాడు బతికిపోయాడు!

హైదరాబాదులో ఇది జరగడమే విడ్డూరం. 1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్ రాళ్ళగుట్టల నడుమ సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆ తరువాత ఆ చుట్టుపట్ల పోలీసు కమిషనరేటుకే సైబరాబాద్ అని పేరు పెట్టుకున్నాం. ప్రపంచంలోని బ్యాంకులకు లెక్కల యంత్రాంగం రాసిపెట్టేవారు ఇక్కడ గచ్చిబౌలి నుంచి కోకాపేట దాకా ఉన్నారు. అయినా దీపం కింద చీకటి తప్పలేదు. మోసపోయి ఫిర్యాదు చేసేవారిలో ముసలివారే కాదు, సాఫ్ట్‌వేరు ఉద్యోగులూ ఉంటున్నారు. యంత్రం తెలిసినంత మాత్రాన తొందర తగ్గదు మరి!

తెలుగు పాఠం చెప్పేవాణ్ణి గనుక ఒకమాట చెప్పాలి. లోగడ ఇటువంటి సందేశాల్ని తప్పుల తెలుగును బట్టి పట్టేసేవాణ్ణి. ఒత్తులుండవు, విభక్తి కుదరదు. ఇప్పుడా ధీమా లేదు. కృత్రిమ మేధ పుణ్యమా అని దొంగ కూడా వ్యాకరణబద్ధంగా రాస్తున్నాడు. భాష బాగున్నంత మాత్రాన మనిషి మంచివాడని నమ్మే రోజులు పోయాయి.

పిన్ను దేనికి?

యూపీఐ 2016 ఏప్రిల్‌లో వచ్చింది. ఇవాళ అరటిపండ్ల బండి మీద కూడా గళ్ళబొమ్మ అతికించి ఉంటుంది. మంచి సౌకర్యమే. దీనిలో గుర్తుంచుకోవలసిన సూత్రం ఒక్కటే: పిన్ను డబ్బు ఇవ్వడానికే గాని పుచ్చుకోవడానికి కాదు. 'మీకు వాపసు రావాలి, ఈ బొమ్మను స్కాన్ చేసి పిన్ను కొట్టండి' అని ఎవరైనా అంటే, మీ జేబులో చెయ్యి పెట్టడానికి అనుమతి అడుగుతున్నాడన్నమాట. పరిచయస్తుల్లా 'డబ్బు పంపండి' అని అభ్యర్థన పంపి మోసగించేవారు మితిమీరడంతో, వ్యక్తుల మధ్య ఆ సదుపాయాన్ని 2025 అక్టోబరు 1 నుంచి నిలిపివేశారు. అయితే ఒక ద్వారం మూస్తే దొంగ మరొకటి వెతుకుతాడు. కనుక ఇంట్లో ఈ కొద్ది కట్టుబాట్లు పెట్టుకోవడం మంచిది.

ఓటీపీ వస్తే అంకెలు మాత్రమే కాదు, మొత్తం సందేశం చదవాలి. ఎంత సొమ్ము, ఎవరికి అన్నది చాలావరకు అందులోనే ఉంటుంది. వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలును, పంపినవాడు బావమరిదే అయినా, తెరవకూడదు. బావమరిది ఫోనే దొంగ చేతిలో ఉండవచ్చు. బ్యాంకు ఫోను నంబరు కోసం గూగుల్‌లో వెతకకూడదు. కార్డు వెనకనే అచ్చువేసి ఉంటుంది. బ్యాంకులన్నీ తమ వెబ్‌సైట్లను 2025 అక్టోబరు 31లోగా 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' అని ముగిసే చిరునామాకు మార్చాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ తోక చూసుకోవాలి. తెర చూపించమని అడిగే యాప్‌ను ఎవరు చెప్పినా పెట్టుకోకూడదు. అన్నిటికీ మించి, పింఛను పడే ఖాతాకు యూపీఐ తగిలించక, చిల్లర ఖర్చులకు వేరే ఖాతా తెరిచి అందులో నాలుగైదు వేలు మాత్రం ఉంచుకోవాలి. వెనకటి ఆడవాళ్ళు బీరువా తాళాలు బొడ్లో దోపుకుని, పోపులపెట్టెలో చిల్లర ఉంచుకునేవారు కదా! అదే పద్ధతి.

పోయాక ఏం చెయ్యాలి?

ఇంత జాగ్రత్తపడ్డా పొరపాటు జరగవచ్చు. అప్పుడు క్షణం ఆలస్యం చెయ్యక 1930కి ఫోను చెయ్యాలి, బ్యాంకుకూ చెప్పాలి. 1930కి చెబితే సొమ్ము చేరిన బ్యాంకుకు కబురందుతుంది. అది ఇంకా ఖాతాలో ఉంటే అక్కడే నిలిపేస్తారు. దొంగ దాన్ని ఒక ఖాతాలో ఉంచడు; అద్దెకు తెచ్చిన పది ఖాతాలకు పంచి, ఏటీఎంలో తీసేస్తాడు. అందుచేత ఇది దొంగకూ మనకూ మధ్య పరుగుపందెం. నిలిపిన సొమ్మును లోక్ అదాలత్‌ల ద్వారా బాధితులకు తిరిగి ఇప్పించిన సందర్భాలు తెలంగాణలో ఎన్నో ఉన్నాయి. 2017 జులై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వులో కూడా గడియారమే ప్రధానం: బ్యాంకుదీ ఖాతాదారుదీ తప్పు లేనప్పుడు మూడు పనిదినాల్లో తెలిపితే నష్టం ఖాతాదారు మీద పడదు. రహస్య అంకెలు తానే ఇచ్చి ఉంటే మాత్రం, బ్యాంకుకు తెలిపేదాకా పోయిందంతా అతనిదేనన్నది ఆ ఉత్తర్వు.

అందుకే పిల్లలకొక మనవి. ఇంట్లో పెద్దవారు మోసపోయి చెబితే, 'చదువుకున్నవారై ఉండి ఎలా నమ్మారు?' అని మాత్రం అనకండి. ఆ మాటకు భయపడే వాళ్ళు రాత్రంతా దాచుకుంటారు. మీ దెప్పిపొడుపు దొంగకు పన్నెండు గంటల గడువు.

మాస్టారు మళ్ళీ షికారుకు వస్తున్నారు. పార్కులో తోటి వృద్ధుల్ని కూర్చోబెట్టి, దాపరికం లేకుండా తన కథే చెబుతున్నారు. "1930 గుర్తుండదంటారేమిటయ్యా? ఉప్పు సత్యాగ్రహం జరిగిన సంవత్సరం! ఆ ఉప్పు తిన్నవాళ్ళం మరిచిపోతామా?" అని నిన్న ఎవర్నో కేకలేస్తున్నారు. సిగ్గు విడిచి చెప్పిన ఆ ఒక్క కథ, నేను రాసిన ఈ వ్యాసం కంటే ఎక్కువమందిని కాపాడుతుందని నా నమ్మకం.