కళింగ తీరమునందలి పాత క్రైస్తవ సమాధి స్థలములు

శాసనములనగానే తెలుగు పరిశోధకులకు దేవాలయ స్తంభములును, తామ్రపత్రములును స్ఫురించుట సహజము. శ్రీకాకుళ, విజయనగర మండలము లీ సంపదకు పేరెన్నికగన్నవి. ముఖలింగ, శ్రీకూర్మ క్షేత్రముల శాసనములు లేకున్నచో తూర్పు గాంగుల చరిత్ర గాని, ఆ సీమ తెలుగు గాని మనకింతగా తెలిసియుండెడిది కాదు. అయితే ఆ తీరముననే మరియొక విధమైన శాసనములు కలవు. అవి దానములను చెప్పవు, మరణములను చెప్పును. వానిని చెక్కించినవారు పరదేశులగుట చేతను, వాని భాష అన్యమగుట చేతను మన శాఖలు వానివంక చూచుట అరుదు. ఈ వ్యాసమున మేము రెండు తెగల సమాధి స్థలములను విచారింప దలచితిమి. ఒకటి, భీమునిపట్టణమునందలి ఒలందా వర్తకుల రాతి సమాధులు. రెండవది, 19వ శతాబ్ది నడుమ నుండి ఈ మండలములలో నేర్పడిన కతోలిక గ్రామములు తమ మృతులను మట్టిచేసిన చోట్లు. మొదటిదానియందు రాయి అధికము. రెండవదానియందు రాయి తక్కువ, కాగితము ఎక్కువ. ఒకదాని సాయము లేక మరియొకదానిని సరిగా చదువలేమని మా అభిప్రాయము.

పదముల సంగతి

ముందుగా మాటలను పరిశీలింతము. శవమును దహించు చోటునకును, పూడ్చు చోటునకును తెలుగున పదములు పెక్కు కలవు. 'కాడు' అను అచ్చతెనుగు మాటకు అడవి యనియు, శ్మశానమనియు రెండర్థములు. ఔపవిభక్తికముగా 'కాటి' యయి 'కాటికాపరి' యందు నిలిచినది. 'వల్లకాడు' నందు ఉత్తరపదమయినది. 'రుద్రభూమి' సంస్కృత సమాసము. 'గోరీ' పారసీకమునందలి 'గోర్' నుండి మహమ్మదీయుల ద్వారమున వచ్చినది. 'సమాధి' మొదట యోగుల చిత్తైకాగ్రతకు పేరు. సన్న్యాసులను దహింపక భూమియందు నిలుపు ఆచారమును బట్టి ఆ చోటునకు సంక్రమించి, తుదకు ఏ మతమువారి గోరికైనను చెల్లినది.

క్రైస్తవులు ఈ మాటలలో 'సమాధి'ని గైకొని, 'భూస్థాపనము' అను క్రియాపదమును రూఢిచేసికొనిరి. వారి సమాధులపై తరచుగా కానవచ్చు 'ప్రభువునందు నిద్రించెను' అను వాక్యము గమనింపదగినది. ఇంగ్లీషున సమాధి స్థలమునకు చెల్లు 'సిమెట్రీ' అను మాట గ్రీకు భాషయందు 'నిద్రించు తావు' అను అర్థము గలది. మరణమును నిద్రగా భావించుట ఆ మతమున ప్రాచీనము. తెలుగు వాక్యము ఆ భావమును 'కన్నుమూసెను', 'దీర్ఘనిద్ర చెందెను' అను మన పలుకుబడి ప్రక్కకు తెచ్చి నిలిపినది. కావున తెలుగు చెవికి ఆ వాక్యము పరాయిదిగా వినబడదు.

విదేశీయుల పేర్లను కూడ తెలుగువారు తమ నోటికి అనువుగా మలచుకొనిరి. పోర్చుగీసులు బుడతకీచులైరి; ఫ్రాన్సువారు పరాసులైరి; హాలండువారు పోర్చుగీసు ఉచ్చారణము ననుసరించి ఒలందావారు, వలందులు నైరి. మచిలీపట్టణమున పరాసుపేట, వలందపాలెము, ఇంగిలీషుపాలెము అను పేర్లు నేటికిని ఉన్నవి. 'పాదిరి' పోర్చుగీసు 'పాద్రె'. 'సిలువ' సురియాని భాషనుండి దక్షిణదేశ క్రైస్తవుల ద్వారమున చేరిన మాట. ఒక్క సమాధి స్థలమున నిలిచి చదువువానికి ఇన్ని భాషల చరిత్ర ఎదురగును.

భీమునిపట్టణము

ఒలందా తూర్పు ఇండియా కంపెనీ 1602లో స్థాపితమైనది. ఆ దశాబ్దమునందే వారు మచిలీపట్టణమునను, నేటి నిజాంపట్టణమునను వర్తకస్థానముల నేర్పరచుకొనిరి. 17వ శతాబ్దిలో గోలకొండ సుల్తానులు చికాకోలు సర్కారు నేలుచుండగా భీమునిపట్టణమున వారి వర్తకశాల వెలసినది. గోస్థనీ నది సముద్రమును కలియు ఆ రేవునుండి నూలుబట్టలు ఎగుమతి యగుచుండెడివి. 1754లో మరాఠా దండు ఈ సీమపై బడినప్పుడు ఆ వర్తకశాల దోపిడికి గురియయ్యెను. ఇంగ్లీషువారు 1781లో దానిని పట్టుకొని పిదప తిరిగి యిచ్చిరి. 1795లో మరల పట్టుకొనిరి. తుదకు 1824 నాటి లండను సంధి ననుసరించి 1825లో ఒలందావారు తమ హక్కులను పూర్తిగా విడిచిపెట్టిరి. ఈ రాకపోకల నడుమ అక్కడనే మిగిలిపోయినవారు సమాధులలో నున్నవారే.

కడలి గాలి సోకు చోట నున్న ఆ సమాధి స్థలమున ఇటుకయు సున్నమును గలిపి కట్టిన కట్టడములున్నవి. కొన్ని కోసుగా పైకి సాగి స్తంభాకృతి నున్నవి. చోళమండల తీరమునందలి ఒలందా సమాధులన్నిటికిని ఒక సామాన్య లక్షణము కలదు. 'ఇచ్చట పూడ్చబడినది' అను అర్థము గల మాటలతో లేఖనము మొదలగును. పిమ్మట పేరు, కంపెనీలో హోదా, పుట్టిన ఊరు, మరణదినము, వయస్సు వరుసగా వచ్చును. వయస్సును ఏండ్లు, నెలలు, దినములతో లెక్కవేసి చెక్కుట వారి ఆచారము. వర్తకుని హోదా రాతిపై కూడ పోదు: పెద్ద వర్తకుడు, చిన్న వర్తకుడు, స్థానాధిపతి అను తారతమ్యము అచటను కనిపించును. స్త్రీ పేరు ప్రక్కన భర్త హోదా నిలుచును. పైభాగమున వంశచిహ్నము, పుర్రె, ఇసుక గడియారము మున్నగునవి చెక్కబడియుండును.

తేదీలను చదువుటలో పరిశోధకుడు ఒక విషయమును మరువరాదు. హాలండు, జీలండు రాష్ట్రములు 1582–83లోనే గ్రెగరీ పంచాంగమును స్వీకరించినవి. ఇంగ్లీషువారు 1752 వరకు జూలియను పంచాంగమునే పాటించిరి. వారి సంవత్సరాది అంతవరకు మార్చి 25. కనుక ఒకే దినమున మరణించిన ఒలందావాని తేదీకిని, విశాఖపట్టణపు ఇంగ్లీషువాని తేదీకిని 17వ శతాబ్దిలో పది దినములు, 1700 తరువాత పదునొకండు దినములు భేదము వచ్చును. జనవరి, ఫిబ్రవరి నెలలందు సంవత్సరమే మారిపోవును. గాంగ శాసనములలో ఒకటియు, పది తప్ప సున్నతో ముగియు అంకెలును, ఆరుతో ముగియు అంకెలును విడిచి లెక్కించు అంక సంవత్సరములను సరిచూచుట కలవాటుపడిన కళింగ పరిశోధకులకు ఇది కష్టము కాదు.

ఈ సమాధులను గూర్చి మనకు రెండు గ్రంథములు ఆధారములు. అలెగ్జాండర్ రీ 1897లో మద్రాసు రాజధానియందలి ఒలందా కంపెనీ అవశేషములను గూర్చి సచిత్ర గ్రంథమును ప్రకటించెను. జూలియన్ జేమ్స్ కాటన్ 1905లో సమాధి శాసనముల పట్టికను ప్రకటించెను. రాళ్లు అరుగుచున్నకొలది ఈ గ్రంథముల విలువ పెరుగుచున్నది. కాని కాటన్ తన పట్టిక చారిత్రకముగనో, పురావస్తు దృష్టితోనో ప్రధానమైన వానికే పరిమితమని పేరునందే చెప్పినాడు. ప్రధానమని యెంచు చూపు ఆనాటి పాలకులది. వర్తకుడు, సేనాని, పాదిరి ఆ చూపునకు ఆనిరి. వారి బట్టలు నేసిన సాలెవారును, వారికి బేరములు కుదిర్చిన దుబాసీలును, పడవ నడిపిన జాలరులును రాతిపైనను లేరు, పట్టికలోను లేరు. అందుచే రాతిని మాత్రమే నమ్మి వ్రాసిన చరిత్రలో భీమునిపట్టణము తెలుగువారు లేని ఊరుగా కనిపించును.

కతోలిక గ్రామములు

ఈ లోటును కొంతవరకు పూరింపగలది రెండవ తెగ సామగ్రి. 1838లో పియేర్ మెర్మియే స్థాపించిన ఆనెసీ నగరపు ఫ్రాన్సిసు సాలెసు సభవారికి విశాఖపట్టణ మిషను అప్పగింపబడెను. వారి తొలి గురువులు 1846లో వచ్చిరి. 1849లో సెయింటు జోసెఫు సభ కన్యలు యానాములో దిగిరి. 1886లో విశాఖపట్టణము మేత్రాసనమాయెను. శ్రీకాకుళము 1993లో ప్రత్యేక మేత్రాసనమైనది. ఆనాటి విచారణలు మిక్కిలి విశాలములు. ఒక గురువు పెక్కు గ్రామములు తిరుగవలసివచ్చెడిది. ఆయన లేనప్పుడు ఉపదేశియే జపము చెప్పి శవమును భూస్థాపనము చేయించెడివాడు.

కతోలిక సమాధి స్థలము ఆశీర్వదింపబడిన భూమి. 1917 నాటి తిరుసభా ధర్మశాస్త్రము ప్రకారము అట్టి సంస్కారమునకు అర్హులు కానివారికి వేరు తావు చూపవలసియుండెను. జ్ఞానస్నానము లేక మరణించిన శిశువులను ఆశీర్వదింపని మూలను పూడ్చు వాడుక యుండెడిది. దహనమునకు నిషేధము 1963లో సడలింపబడెను. పొలము గట్టుననున్న చిన్న సమాధి తోట పటమును గీయునపుడు ఈ నియమములు తెలియనిచో అంచున నున్న దిబ్బల అర్థము బోధపడదు. మరియొక విషయము: తెలుగు పల్లెలలో శ్మశానములు జాతులవారీగా వేరై యుండెడివి. క్రైస్తవమును స్వీకరించినవారిలో పెక్కుమంది మాల, మాదిగ కుటుంబములవారు. కావున సమాధి తోట ఊరికి ఏ దిక్కున నున్నది, ఎవరి భూమి ప్రక్కన నున్నది, దానికి త్రోవ ఎటునుండి పోవును అను ప్రశ్నలు సాంఘిక చరిత్రకు మూలప్రశ్నలు.

పేదల సమాధిపై రాయి యుండదు. కొయ్య సిలువ నాలుగు వానలకు చివుకును. మట్టిదిబ్బ నేలతో సమమగును. కొన్నాళ్లకు ఆ తావుననే మరియొకరిని పూడ్చుదురు. ఏటేట నవంబరు 2న సమాధుల పండుగనాడు బంధువులు కలుపు తీసి, సున్నము కొట్టి, క్రొవ్వొత్తులు వెలిగింతురు. బంధువులున్నంతవరకే ఆ గుర్తు. వలసపోయిన కుటుంబపు సమాధి ఒక తరములో మాయమగును.

మిగులునది మృతుల పుస్తకము. 1614 నాటి రోమను సంస్కారగ్రంథము విచారణ గురువు ఇట్టి పుస్తకము నుంచవలెనని విధించినది. మరణదినము, పేరు, తండ్రి లేక భర్త పేరు, వయస్సు, అవస్థాభ్యంగనాది సంస్కారములు పొందెనా లేదా, ఎచట పూడ్చిరి అను నంశములు అందులో లతీనున వ్రాయబడును. రాతికి ధనము కావలెను. పుస్తకమున చేరుటకు జ్ఞానస్నానము చాలును. ధనికుని వలెనే కూలివానికిని అక్కడ ఒక పంక్తి యుండును. ఈ ఒక్క కారణముచేతనే తెలుగు పల్లెల చరిత్రకు ఆ పుస్తకములు చలువరాతి పలకలకంటె విలువగలవని మేము తలంతుము. ఒకే మాసమున పంక్తులు ఒక్కుమ్మడి పెరిగినచో అది మహమ్మారియో, కరవో అని ఊహింపవచ్చును. 1866 నాటి గంజాము కరవు వంటివానిని గ్రామస్థాయిలో కొలుచుటకు ఇంతకంటె దగ్గరి కొలబద్ద దొరకుట కష్టము.

పేర్లు

భాషాపరిశోధకునకు ఈ పుస్తకములలోని పేర్లు ప్రత్యేకముగా ఉపయోగపడును. తెలుగు కతోలికుల పేర్లు కొన్ని అనువాదములు, కొన్ని తద్భవములు. పేతురు అనగా శిల. కతోలికులు ఆయనను రాయప్ప యందురు. పౌలు అను లతీను పేరునకు చిన్నవాడని యర్థము. ఆయన చిన్నప్ప యయ్యెను. ఇన్నాసి, ఇన్నయ్య అనునవి ఇగ్నేషియసు పేరు పోర్చుగీసు నోట మారి వచ్చిన రూపములు. శౌరి, శౌరయ్య, బాలశౌరి అనునవి జేవియరు పేరునుండి పుట్టినవే యైనను, విష్ణునామమగు 'శౌరి'తో శబ్దము కలియుటచే తెలుగున చక్కగా ఇమిడిపోయినవి. వీనిలో పెక్కు అరవదేశపు మిషనుల నుండి ఉత్తరమునకు నడచివచ్చినవి. ఏ పేరు ఏ దశాబ్దమున ఏ విచారణలో మొదట కనిపించెనో పట్టిక వేసినచో ఉపదేశుల రాకపోకల మార్గమే తేలును. లతీను లిపిలో వ్రాయబడిన ఇంటిపేర్లు కళింగాంధ్ర ఉచ్చారణమునకు సాక్ష్యములు. వ్రాసినవాడు ఫ్రెంచి మాతృభాషగలవాడైన యెడల అతని చెవికి వినబడినదే అక్షరములందు నిలిచియుండును.

చేయదగిన పని

చచ్చినవారి ఎముకలపై కట్టడము కట్టుట ఈ సీమకు క్రొత్తది కాదు. వంశధార ఒడ్డున శాలిహుండమున బౌద్ధులు స్తూపములను నిలిపిరి. ఆ కొండను 1919లో లోకమునకు తెలిపినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు. వ్యాకరణమును, సవర భాషను పరిశోధించిన పండితుడు పాతరాళ్లను తన పనికి వెలియని తలపలేదు.

పరిశోధక విద్యార్థులు ముందుగా గురువుల అనుమతి పొంది, సమాధి స్థలము పటము గీచి, ప్రతి సమాధికిని సంఖ్య వేయవలెను. లేఖనమును పంక్తివిభాగము చెడకుండ ఎత్తి వ్రాయవలెను; అరిగిన అక్షరములు ఉదయ సాయంకాలముల ఏటవాలు వెలుతురున స్పష్టపడును. ఆమ్లముతో గాని, ఇనుప కుంచెతో గాని రాతిని తోమరాదు. ఉప్పుగాలి తిన్న సున్నపు కట్టడమునకు సిమెంటు పూయుట మేలని తోచును గాని, తడి లోపలనే నిలిచి, ఉప్పు గడ్డకట్టి ఇటుకను పగులగొట్టును. సున్నమునకు సున్నమే మందు. పిదప రాళ్లలోని పేర్లను మృతుల పుస్తకముతో సరిపోల్చవలెను. పుస్తకమున ఉండి నేలపై లేని పేర్ల జాబితాయే ఈ పనికి ప్రధాన ఫలము. వృద్ధులు జీవించియుండగానే ఆ జాబితా చేతబూని పోయినచో, ఏ దిబ్బ ఎవరిదో చెప్పగలవారు ఇంకను కొందరు దొరకుదురు. రాళ్లు మరికొంతకాలము ఓపిక పట్టవచ్చును. ఆ జ్ఞాపకము పట్టదు. కావున పని అచ్చటినుండియే మొదలు కావలెను.