నిలువు కొలువు.. మడమకు బరువు

* గంటల తరబడి నిలబడి పనిచేసే వారిని వేధిస్తున్న పాదాల నొప్పి
* తొలి దశలోనే మేల్కొంటే సూదులు, ఆపరేషన్ల అవసరం అరుదు
* దుకాణంలో ఒక స్టూలు వేయడమూ చికిత్సే

తెల్లవారి మంచం దిగి తొలి అడుగు నేలపై మోపగానే మడమలో మేకు దిగినంత బాధ. గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తే కాస్త సర్దుకుంటుంది. వంట ముగించి, పిల్లల క్యారేజీలు సర్ది, బస్సు అందుకుని పట్టణంలోని వస్త్ర దుకాణానికి చేరుకోవాలి. కొన్ని దుకాణాల్లో చెప్పులు గుమ్మం బయటే విడవాలి. ఆపై రాత్రి షట్టరు దించేవరకు గట్టి రాతి పలకలపై నిలబడి చీరలు విప్పి చూపడం, మడత పెట్టడమే పని. శ్రావణమాసం, పెళ్లి ముహూర్తాలు, దసరా, సంక్రాంతి రోజుల్లో భోజన విరామమూ కుదించుకుపోతుంది. బేరం లేని వేళనైనా కూర్చుంటే యజమాని ఏమంటారోనన్న జంకు. ఇంటికి చేరేసరికి పాదాలు పొంగి, చెప్పు పట్టీ అచ్చు పడి ఉంటుంది.

మండల కేంద్రాల్లోని వస్త్ర దుకాణాల్లో సేల్స్‌గర్ల్స్‌ను పలకరిస్తే అటూ ఇటుగా అందరిదీ ఇదే దినచర్య. కూడళ్లలోని హోంగార్డులు, ఏటీఎంల వద్ద కాపలాదారులు, టిఫిన్ సెంటర్లలో పెనం ముందు నిలబడేవారు, ఇస్త్రీ బండి నడిపేవారు, క్షౌరవృత్తిదారులు, ఉపాధ్యాయులు.. వీరందరినీ వేధించే బాధ ఇది. నొప్పి ముదిరితే పని మానేయాలి. మానేస్తే ఇల్లు గడవదు. అందుకే చాలామంది పంటి బిగువున భరిస్తున్నారు. అయితే నొప్పి ఎలా పుడుతుందో తెలుసుకుంటే దాన్ని అదుపు చేయడం కష్టం కాదు.

నడక కంటే నిలకడే భారం

పొలం పనులకు వెళ్లిన రోజుల్లో లేని నొప్పి, నీడపట్టున చేసే కొలువులో ఎందుకు వచ్చిందని చాలామంది ఆశ్చర్యపోతుంటారు. నడిచేటప్పుడు శరీర బరువు మడమ నుంచి వేళ్లకు, ఒక కాలి నుంచి మరో కాలికి మారుతూ ఉంటుంది. అడుగు వేసిన ప్రతిసారీ పిక్క కండరాలు బిగుసుకుని, వదులై కాళ్లలోని రక్తాన్ని గుండె వైపు నెడతాయి. కదలకుండా నిలబడినప్పుడు ఈ రెండూ ఆగిపోతాయి. బరువంతా పాదంలోని అవే చోట్ల పడుతుంది. రక్తం పాదాలు, పిక్కల్లో నిలిచి వాపు వస్తుంది. మట్టి నేల అడుగుకు కాస్తయినా కుంగుతుంది. గ్రానైట్, టైల్స్ నేల ఏమాత్రం కుంగదు కనుక ఆ ఒత్తిడిని పాదమే భరించాలి.

పాదంలో 26 ఎముకలు ఉంటాయి. మడమ ఎముక నుంచి వేళ్ల మొదళ్ల వరకు అరికాలి పొడవునా దళసరి పట్టీ ఒకటి వింటినారిలా బిగిసి ఉండి పాదంలోని వంపును నిలబెడుతుంది. ఈ పట్టీ మడమకు అతుక్కున్న చోట ఏళ్ల తరబడి ఒత్తిడి పడి దెబ్బతింటే దానిని వైద్యులు ప్లాంటార్ ఫేషియైటిస్ అంటారు. నిద్రలో పాదం కిందికి వాలి ఉండటంతో పట్టీ బిగుసుకుంటుంది. ఉదయం లేవగానే శరీర బరువు పడి అది ఒక్కసారిగా సాగుతుంది. తొలి అడుగులోనే ప్రాణం పోయినంత పనవడానికి కారణం ఇదే. అధిక బరువు ఉన్నవారిలో, పిక్క కండరాలు బిగుసుకుపోయిన వారిలో ఈ ముప్పు మరింత ఎక్కువ.

ఎక్స్‌రేలో మడమ ఎముక పెరిగినట్లు కనిపించగానే కొందరు బెంబేలెత్తుతారు. ఎలాంటి నొప్పీ లేనివారిలోనూ అలాంటి ఎముక ఉండవచ్చు. దాన్ని తొలగిస్తే తప్ప నొప్పి తగ్గదనుకోవడం సరికాదు.

అన్ని నొప్పులూ ఒకటి కావు

పాదం ముందు భాగంలో, వేళ్ల మొదళ్లలో మంట ఉంటే ఇరుకు చెప్పులు, ఎత్తు మడమలు కారణం కావచ్చు. పిక్కలపై నీలిరంగు నరాలు మెలికలు తిరిగి పైకి తేలితే అవి వెరికోస్ వెయిన్స్. రక్తాన్ని వెనక్కు జారనీయని కవాటాలు సిరల్లో బలహీనపడటంతో ఇవి ఏర్పడతాయి. మడమ వెనుక భాగంలో నొప్పి ఉంటే పిక్కను మడమకు కలిపే స్నాయువుకు సంబంధించినదై ఉండవచ్చు.

పాదాల్లో తిమ్మిరి, సూదులు గుచ్చినట్లుండటం, మంటలు ఉంటే మధుమేహ పరీక్ష తప్పనిసరి. మధుమేహం ముదిరితే పాదాలకు స్పర్శ తగ్గుతుంది. రాయి గుచ్చుకున్నా, పుండు పడినా తెలియదు. ఇలాంటివారు చెప్పులు లేకుండా నిలబడటం ప్రమాదకరం. ఈ విషయాన్ని యజమానికి చెప్పి మెత్తని పాదరక్షలకు అనుమతి తీసుకోవాలి.

ఒక పిక్క మాత్రమే ఉన్నట్టుండి వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. పడిపోయిన తరువాత అడుగు మోపలేకపోయినా, పాదం ఎర్రబడి జ్వరం వచ్చినా, పుండు మానకపోయినా జాప్యం చేయరాదు.

ఇంటి వద్ద పది నిమిషాలు

మడమ నొప్పి ఉన్నవారిలో అత్యధికులకు ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. అయితే కొన్ని నెలల ఓపిక కావాలి. నాలుగు రోజులు చేసి ఫలితం లేదని మానేయడమే చాలామంది చేసే పొరపాటు.

* మంచం దిగకముందే: కాలిని మోకాలిపై వేసుకుని, వేళ్లను చేత్తో పట్టుకుని ముంగాలు వైపు లాగాలి. అరికాలిలో పట్టీ బిగిసినట్లు తెలుస్తుంది. పది అంకెలు లెక్కపెట్టి వదలాలి. ఇలా పదిసార్లు చేసి అప్పుడు నేలపై అడుగు పెట్టాలి.

* గోడ వ్యాయామం: గోడకు చేతులు ఆనించి ఒక కాలు వెనక్కు పెట్టాలి. వెనుక కాలి మడమ నేలను వీడకుండా, మోకాలు వంచకుండా ముందుకు వాలాలి. పిక్క సాగినట్లు అనిపించిన చోట అర నిమిషం ఆగాలి. ఒక్కో కాలికి మూడుసార్లు చేయాలి.

* సీసా వైద్యం: ప్లాస్టిక్ సీసాలో నీరు పోసి గడ్డకట్టించి, పలుచని తువ్వాలు చుట్టి, కూర్చుని అరికాలి కింద అటూ ఇటూ దొర్లించాలి. పది నిమిషాలు చాలు. స్పర్శ తగ్గిన మధుమేహ రోగులు ఐసు, వేడినీరు రెండింటి జోలికీ పోరాదు.

* రాత్రి పడుకునే ముందు కాళ్లను దిండుపై కాసేపు గుండె కంటే ఎత్తులో ఉంచితే వాపు తగ్గుతుంది.

ఇంట్లోనూ గట్టి నేలపై వట్టి కాళ్లతో తిరగకూడదు. వంటగదికి ప్రత్యేకంగా ఒక జత మెత్తని చెప్పులు ఉంచుకోవాలి.

చెప్పులు సాయంత్రం కొనాలి

పొద్దంతా నిలబడ్డాక పాదం కాస్త ఉబ్బుతుంది. ఉదయం కొన్న చెప్పు సాయంత్రానికి ఇరుకవుతుంది. కాబట్టి సాయంత్రమే కొనాలి. నిలబడి తొడిగి చూడాలి. బూటయితే పొడవాటి వేలి ముందు బొటనవేలి మందమంత ఖాళీ ఉండాలి. అడుగు భాగం పలుచగా ఉండి మధ్యకు విరిగినట్లు వంగేవి, అరిగిపోయిన హవాయి చెప్పులు నిలబడే పనికి తగవు. మడమ కింద మెత్తగా, వంపు వద్ద ఆసరాగా, వెనుక పట్టీతో ఉన్నవి మేలు. ఖరీదైనవే కానక్కర లేదు. బూట్లు వేసుకునేవారు లోపల మెత్తని సోల్ వేసుకోవచ్చు.

పనిచోట ఏం చేయాలి?

ఒకే భంగిమలో నిలబడకుండా చూసుకోవడమే కీలకం. కౌంటరు కింద నాలుగు నుంచి ఆరు అంగుళాల ఎత్తున్న పీట ఉంచుకుని దానిపై ఒకసారి కుడి పాదం, మరోసారి ఎడమ పాదం పెట్టాలి. నడుముకూ ఇది ఉపశమనం. గిరాకీ లేనప్పుడు మడమలు పైకెత్తి దించుతూ పిక్కలకు పని చెప్పాలి. నిలబడే చోట దళసరి రబ్బరు చాప పరిస్తే నేల కాఠిన్యం కొంత తగ్గుతుంది. వెరికోస్ వెయిన్స్ ఉన్నవారు వైద్యుని సలహాతో బిగుతు మేజోళ్లు వాడవచ్చు. గర్భిణులకు వాపు సహజంగానే ఎక్కువ. వారికి కూర్చునే పని కేటాయించడం కనీస ధర్మం.

మరుగుదొడ్డి లేదని మంచినీళ్లు మానేసే మహిళలు ఎందరో. అది మూత్ర సంబంధ వ్యాధులకు దారితీస్తుంది.

సూదితో సరిపెట్టుకోవద్దు

ఊళ్లో సూది వేయించుకుని పనికి పరుగెత్తడం పల్లెల్లో అలవాటు. నొప్పి మాత్రలు వరుసగా మింగితే కడుపులో పుండ్లు, మూత్రపిండాలకు చేటు తప్పవు. మడమలోకి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాలు ఉపశమనం ఇస్తుంది. పదేపదే వేయించుకుంటే మడమ కింది మెత్తని కొవ్వు పొర కరిగిపోవచ్చు, పట్టీ తెగిపోవచ్చు. నిపుణుడైన ఎముకల వైద్యుడు అవసరమని తేల్చినప్పుడే దాని గురించి ఆలోచించాలి. కొన్ని వారాల వ్యాయామం తరువాతా నొప్పి తగ్గకపోతే ప్రభుత్వ ఆసుపత్రిలోని ఎముకల విభాగాన్ని, ఫిజియోథెరపిస్టును సంప్రదించాలి. ఈఎస్ఐ కార్డు ఉన్నవారు దానిని వినియోగించుకోవాలి.

కూర్చోవడమూ హక్కే

కార్మికుడు ఎన్ని వ్యాయామాలు చేసినా, పది గంటలు నిలబెట్టే పద్ధతి మారనిదే బాధ పూర్తిగా తీరదు. నిలబడి పనిచేసేవారికి, పనికి ఆటంకం కాని వేళ కూర్చునేందుకు ఆసనాలు ఏర్పాటు చేయాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోని 44వ సెక్షన్ నిర్దేశించింది. అది కర్మాగారాలకు వర్తించేది. దుకాణాల్లో, కార్యాలయాల్లో పనిచేసేవారికి తగినన్ని ఆసనాలు ఉండాలని, వాటిని వాడుకునే అవకాశమూ ఇవ్వాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1964లోనే 120వ ఒడంబడికలో పేర్కొంది.

మన దేశంలో దుకాణాల ఉద్యోగుల కోసం ఈ పోరాటం ముందుగా కేరళలో సాగింది. కోజికోడ్‌లో దర్జీ పనిచేసే విజి నాయకత్వంలో 'పెన్‌కూట్టు' అనే మహిళల సంఘం మరుగుదొడ్ల సమస్యతో మొదలుపెట్టి కూర్చునే హక్కు వరకు ఉద్యమించింది. త్రిశూర్‌లో వస్త్ర దుకాణ ఉద్యోగినులు 2014 డిసెంబరులో మొదలుపెట్టిన సమ్మె వంద రోజులకు పైగా సాగింది. ఫలితంగా 2018లో కేరళ ప్రభుత్వం దుకాణాల చట్టాన్ని సవరించి ఆసనాలను తప్పనిసరి చేసింది. 2021లో తమిళనాడు అదే బాట పట్టింది. ఈ రెండు చోట్లా చట్టం కోరింది ఒక్కటే. పని లేని వేళ కూర్చునే వీలు.

నిజానికి కూర్చుని అమ్మడం మనకు కొత్త కాదు. ఒకప్పటి బట్టల కొట్లలో పరుపులు వేసి, తెల్ల దుప్పట్లు పరిచి, అమ్మేవారూ కొనేవారూ ఎదురెదురుగా కూర్చునే బేరాలు సాగించారు. కూర్చున్నందుకు గిరాకీ తగ్గిందని ఆనాడు ఎవరూ అనలేదు. అద్దాల కౌంటర్లు వచ్చాకే అమ్మేవారు నిలబడటం మర్యాదగా మారింది. గల్లాపెట్టె వద్ద యజమానికి కుర్చీ ఉన్నప్పుడు, కౌంటరు వెనుక ఒక స్టూలుకు చోటు లేకపోదు. చీర కొనడానికి వెళ్లిన మనమూ, బేరం అయ్యాక కూర్చున్న అమ్మాయిని సోమరిగా చూడకపోతే అంతే చాలు.