కడుపు కోయకముందే కాన్సరు జాడ
సీ.టీ. స్కాను అంకెలతో కొత్త పరీక్షా విధానం

పొట్ట కోసి చూసి, లాభం లేదని మళ్ళీ కుట్టేశారన్న మాట జీర్ణాశయ కాన్సరు వచ్చినవారి ఇళ్ళలో వినిపిస్తూ ఉంటుంది. కత్తి తగలబట్టే జబ్బు పాకిందని నమ్మేవారూ ఉన్నారు. ఇది అపోహ. అటువంటి రోగులలో జబ్బు ఆపరేషనుకు ముందే పాకి ఉంటుంది. పరీక్షలలో అది కంటికి ఆనలేదు, అంతే. ఆ సంగతి ముందుగా తెలిస్తే రోగికి వృథా కోత, ఇంటివారికి వృథా ఖర్చు తప్పుతాయి.

పాకే దారులు

జీర్ణాశయం గోడలో పుట్టిన కాన్సరు దగ్గరలోని లింఫు గ్రంథులకు, రక్తం ద్వారా కాలేయానికి చేరుతుంది. గోడను తొలుచుకుని బయటపడితే పొట్ట లోపలి పొర మీద కూడా మొలకెత్తుతుంది. ఈ పొర మీది కాన్సరును పట్టుకోవడమే కష్టం. ఆవగింజలు చల్లినట్లు ఉండే చిన్న చిన్న పొక్కులు మామూలు స్కానులో కనపడకపోవచ్చు. గట్టు మీద నిలబడి చూస్తే పచ్చగా ఉన్న వరిచేనులో దుబ్బు మొదట సుడిదోమ పట్టి ఉన్నట్లే ఇదీను.

బొమ్మ వెనుక అంకెలు

సీ.టీ. స్కానును మొదటిసారి 1971లో లండనులో ఒక రోగికి తీశారు. దానికి కారకులైన హౌన్స్‌ఫీల్డ్, కార్మాక్‌లకు 1979లో నోబెల్ బహుమతి లభించింది. ఆ బొమ్మలోని ప్రతి చుక్కకూ ఒక అంకె ఉంటుంది. నీటికి 0, గాలికి మైనస్ 1000. డాక్టరు కంటితో గడ్డ సైజు, గోడ మందం, గ్రంథుల వాపు చూస్తారు. అయితే వాచిన ప్రతి గ్రంథిలోనూ కాన్సరు ఉండదు. చిన్న గ్రంథిలో ఉండవచ్చు.

కొత్త పద్ధతిలో కంప్యూటరు గడ్డలోనూ, దాని పక్క పొరలోనూ ఉన్న అంకెల తీరును లెక్కకడుతుంది. లోపల చూసి నిజం తేల్చిన పాత రోగుల లెక్కలతో పోల్చి, జబ్బు పాకి ఉండే అవకాశం ఎంతో చెబుతుంది. చైనాలో 4 ఆసుపత్రులకు చెందిన 554 మందిపై జరిపిన ఇటువంటి పరిశోధన 2019లో వెలువడింది. వీరందరికీ సీ.టీ.లో పొర మీద జబ్బు లేదనే తేలింది. తర్వాత లాపరోస్కోపీలో కొందరికి ఉన్నట్లు బయటపడింది. అటువంటి వారిలో చాలామందిని ఈ లెక్కలు పసిగట్టగలిగాయి.

తుది తీర్పు కాదు

లెక్క చెప్పేది అవకాశమే. స్కాను మిషను మారితే అంకెలూ కొంత మారతాయి. అందువల్ల అనుమానం ఉన్నవారికి చిన్న రంధ్రం గుండా దుర్బిణి పంపి చూసే లాపరోస్కోపీ అవసరమే. జబ్బు పాకినట్లు తేలితే సాధారణంగా ముందు మందులతో చికిత్స మొదలుపెడతారు.

స్కానుకు వెళ్ళేవారు డాక్టరు చెప్పినంతసేపు పరగడుపున ఉండాలి. నరానికి ఎక్కించే మందు ఉంటుంది కనుక మూత్రపిండాల జబ్బు, మందులు పడకపోవడం వంటివి ఉంటే ముందే చెప్పాలి.

ఏ స్కానైనా రోగి సకాలంలో వెళ్ళినప్పుడే ఎక్కువ మేలు చేస్తుంది. ఆకలి మందగించడం, రెండు ముద్దలకే కడుపు నిండడం, బరువు తగ్గడం, నల్లటి విరేచనం, మాటిమాటికీ వాంతులు కనిపిస్తే గ్యాసు బిళ్ళలతో నెలలు గడపరాదు. పెద్దాసుపత్రికి వెళ్ళి ఎండోస్కోపీ చేయించుకోవాలి.