తాతగారి తిలోదకము

మా మామగారి తండ్రిగారు 2023 మాఘమాసమున తమ తొంబదియెనిమిదవ యేట స్వర్గస్థులైరి. పరామర్శకు వచ్చినవారందఱును "పండుటాకు రాలినది, దుఃఖింపనేల?" అనిరి. ఆ మాట సత్యమే. కాని ఆ యాకుతో నేమేమి రాలినదో మాకు మఱుసటి యేడు గాని తెలియలేదు.

తాతగారు రెండవ ప్రపంచసంగ్రామమున సైన్యపు లారీ నడపినవారు. 1944 ఏప్రిలు మొదలు జూను వఱకు కోహిమాకడ జపానువారితో ఘోరయుద్ధము జరిగెను. ఆ దినములలో వీరు దీమాపూరు రైలుస్టేషనునుండి కొండదారిని మందుగుండును, బియ్యమును చేరవేసి, మరలునపుడు గాయపడినవారిని తెచ్చెడివారట. యుద్ధకథలు చెప్పుమని పిల్లలడిగినచో, "అక్కడ చలి యెక్కువ" అని యూరకుండెడివారు.

అయినను మహాలయపక్షమున తర్పణము విడుచునపుడు, పితృదేవతల పిదప సఖుల వంతు రాగానే, వారి కంఠము సన్నగిల్లెడిది. మూడు పేర్లు పలికెడివారు: ఒకటి సిక్కుది, ఒకటి తమిళునిది, ఒకటి మహారాష్ట్రునిది. వంటయింటి గడపకడ నిలిచి యేటేట వినిన మా అత్తగారికి దక్క ఆ పేర్లు వేఱెవ్వరికిని తెలియవు.

సంవత్సరీకములు ముగిసినవి. 2024లో మహాలయము వచ్చెను. మామగారు తర్పణమునకు గూర్చుండిరి. సఖుల వంతు రాగా అత్తగారు గడపకడనుండి, "ఆ మువ్వురిని మఱవకుడు" అని పేర్లు చెప్పిరి. "కులగోత్రములు తెలియనివారికి మన యింట తర్పణమెట్లు?" అని మామగారు సంశయించిరి. "గోత్ర మెఱుగనిచో కాశ్యపగోత్రము చెప్పుట కలదు" అని పురోహితులు సందేహము తీర్చిరి. నువ్వులు నీళ్లు వ్రేళ్లనుండి జాఱినవి. తండ్రి పోయిననాడు కంట తడి పెట్టని మామగారు ఆనాడు బోరున నేడ్చిరి.

స్త్రీపర్వమున ధర్మరాజు నానాదేశములనుండి వచ్చి దిక్కులేక పడియున్న యోధులకును దహనము చేయించెను. కర్ణునకు నీరు విడువుమని చెప్పినది మాత్రము కుంతి. తల్లి నోరు విప్పకున్న ఆ నీరు లేదు. నేడు కోహిమాలోని స్మారకముపై, దహనసంస్కారము పొందిన హిందూ, సిక్కు సైనికుల పేర్లు 917 చెక్కబడియున్నవి. వారి పేరు పలుకువారు ఎన్ని యిండ్లలో మిగిలిరో!

సోదరీమణులారా! మీ యింట నట్టి వృద్ధులున్నచో వీరగాథల నడుగకుడు. ఎవరిని తలచుకొందురో యడుగుడు, ఆ పేర్లు వ్రాసియుంచుడు. మేము మా తాతగారి సఖుల మూడు పేర్లను వ్రతకథల పుస్తకపు మొదటి పుటలో వ్రాసికొంటిమి.